రెండు సంతలు

తెలుగులో సంత అనే మాటకు రెండు అర్థాలున్నాయి. ఒకటి అందరికీ తెలిసిందే. వారానికోసారి జరిగే అంగడి: బేరాల కేకలు, పశువుల అరుపులు, మైకులో ఎవరో ఎలకల మందు అమ్ముతున్న గొంతు. రెండోది వేదపాఠశాలల్లో తప్ప ఇప్పుడు పెద్దగా వినపడదు. సంత చెప్పడమంటే గురువు ఒకసారి పలకడం, ఎదురుగా కూర్చున్న శిష్యుడు దాన్ని రెండుసార్లు తిరిగి పలకడం. ఎక్కడ తప్పినా మళ్ళీ మొదటికి. ఆ సంతకు నిశ్శబ్దం కావాలి, ఈ సంతంటేనే గోల. పరాయి భాష ధ్వనులు ఎక్కడ బాగా పట్టుబడతాయన్న చర్చ వచ్చినప్పుడల్లా నాకు ఈ రెండూ గుర్తొస్తాయి. ఎందుకంటే రెండింటిలోనూ చదువుకున్నవాళ్ళు ఒక్కొక్కరు నాకు తెలుసు.

మా వీధి మొదట్లో పానీపూరీ బండి పెట్టుకున్న కుర్రాడిది బిహార్. హైదరాబాద్ వచ్చి రెండేళ్ళయింది. అతని పక్కనే బస్టాపు, వెనక జిరాక్స్ షాపు జనరేటర్, ఎదురుగా సిగ్నల్. తెలుగు అతనికి ఎవరూ నేర్పలేదు. కారం ఎంత, ఉల్లిపాయ వేయాలా, నిన్నటి బాకీ ఎంత, చిల్లర ఉందా, అన్నీ తెలుగులోనే నడుపుతాడు. ఒకేసారి ఆరుగురు అరుస్తున్నా ఎవరి ప్లేటులో ఎన్నోది పడిందో లెక్క తప్పడు.

రెండో మనిషి మా తమ్ముడి కూతురు. న్యూజెర్సీలో పుట్టింది, పదమూడేళ్ళు. వారానికి రెండు రోజులు గది తలుపు వేసుకుని, హెడ్‌ఫోన్లు పెట్టుకుని, తెరమీద టీచరమ్మ దగ్గర తెలుగు నేర్చుకుంటుంది. మాట, మాత, పాట, పాత, కల, కళ: ఏది పలికినా ఏదో ఠక్కున చెప్పేస్తుంది. పోయిన వేసవిలో తణుకులో ఒక పెళ్ళికి వచ్చింది. ఒక మూల సన్నాయి, ఇంకో మూల పిల్లల డీజే, నడుమ వడ్డన కేకలు. మా మేనత్త దాని గడ్డం పట్టుకుని ఏదో అడిగింది. పిల్ల నా వైపు తిరిగి, "పెదనాన్నా, నానమ్మ తెలుగే మాట్లాడుతున్నారా?" అంది.

మా మేనత్త అడిగింది "భోంచేశావా అమ్మా?" అని. ఆ పిల్లకు మూడేళ్ళప్పటినుంచీ తెలిసిన వాక్యం.

ఆ సాయంత్రం పెళ్ళింట్లో పెద్దవాళ్ళు రెండు పక్షాలయ్యారు. నిశ్శబ్దంలో నేర్చింది సన్నాయి ముందు నిలవలేదు కాబట్టి ఆ తరగతులకు పోసిన డబ్బు దండగ అని కొందరు. గోలలో పడేస్తే అసలు ఏదీ నేర్చుకునేది కాదని మరికొందరు. రెండు పక్షాల్లోనూ పస ఉంది. అందుకే ఈ వాదన తేలదు.

ముందు నిశ్శబ్దం వైపు వాదన. ఇక్కడ ట, త అన్న రెండక్షరాల దగ్గర కాసేపు ఆగాలి. మనకు ఇవి ఆవగింజంత శ్రమ లేకుండా వేరుగా వినపడతాయి. ఇంగ్లిష్ మాట్లాడేవాళ్ళ చెవికి వేరు కావు. వాళ్ళకున్న టీ అనే ధ్వని పుట్టేది మన త పుట్టే పళ్ళ దగ్గరా కాదు, మన ట కోసం నాలుక వెనక్కి మడతపడే చోటా కాదు, రెంటికీ మధ్య చిగురు మీద. మనం దాన్ని "టీ" అనీ "టైమ్" అనీ ట తో రాసుకుని సరిపెట్టుకుంటాం. వాళ్ళు మన రెంటినీ తమ ఒక్కదాంట్లో కలిపేసుకుంటారు. 1984లో కెనడాలో జేనెట్ వర్కర్, రిచర్డ్ టీస్ ప్రచురించిన పరిశోధన హిందీలోని ఇవే రెండు ధ్వనులతో చేసింది. ఇంగ్లిష్ ఇళ్ళలో పెరుగుతున్న ఆరు నుంచి ఎనిమిది నెలల పసివాళ్ళు వాటి తేడాను పట్టేశారు. పది నుంచి పన్నెండు నెలలకు వచ్చేసరికి చాలామందికి ఆ పట్టు జారిపోయింది. అంటే ఏడాది నిండకముందే చెవి తన ఇంటి భాషకు ఒదిగిపోతుంది. తర్వాత నేర్చుకోవాలంటే పోయిన గీతను మళ్ళీ గీసుకోవాలి.

ఆ గీత ఎలాంటి చోట ఉందో చూడండి. 1955లో జార్జ్ మిల్లర్, ప్యాట్రీషియా నైస్‌లీ పదహారు ఇంగ్లిష్ హల్లులను రకరకాల మోతాదు రొదలో వినిపించి ఏది దేనిగా వినపడుతోందో లెక్కగట్టారు. ముక్కుతో పలికేవి మిగతావాటినుంచి విడిగానే నిలిచాయి. బ, ప ల మధ్య ఉన్నటువంటి నాదం తేడా కూడా చాలా రొదను తట్టుకుంది. ముందుగా కొట్టుకుపోయింది నోట్లో ఎక్కడ పుట్టిందన్న తేడా: ప, ట, క లాంటివి ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. మన ట, త ల మధ్య ఉన్నది ఆ ఒక్క తేడానే. నాదం లేదు, ఒత్తు లేదు, ముక్కు లేదు. కొత్తగా వినేవాడికి ఏ తేడా అన్నిటికంటే కష్టమో, రొద మొదట మింగేదీ దాన్నే. మా పిల్ల మొదటి పాఠం సన్నాయి పక్కన జరిగి ఉంటే మాటకూ మాతకూ తేడా ఉందన్న సంగతే దానికి తెలిసేది కాదు.

పసిపిల్లల మీద జరిగిన పరిశీలనలూ ఈ వైపే మొగ్గుతాయి. 2016లో బ్రియానా మెక్‌మిలన్, జెన్నీ సాఫ్రాన్ రెండేళ్ళు, రెండున్నరేళ్ళ పిల్లలకు కొత్త మాటలు నేర్పి చూశారు. వెనక ఇతరుల మాటలు తగ్గు స్థాయిలో ఉంటే నేర్చుకున్నారు, కాస్త పెరిగితే నేర్చుకోలేకపోయారు. ఇంకో దశలో ఆ కొత్త మాటల ధ్వనిని ముందుగా నిశ్శబ్దంలో చెవిన వేసి, తర్వాత రొదలో అర్థం నేర్పారు. అప్పుడు నేర్చుకున్నారు. ఇది రెండో భాష కాదు, తల్లిభాషే, ఆ తేడా మరవకూడదు. అయినా వరస మాత్రం గమనించదగ్గది. ముందు ధ్వని నిశ్శబ్దంలో, తర్వాత మిగతాది గోలలో.

న్యూయార్క్ బడి కథ కూడా ఈ పక్షం వాళ్ళు తప్పక చెబుతారు. మన్‌హటన్‌లో ఒక బడి పక్కనుంచి పైవంతెన రైలు నాలుగైదు నిమిషాలకోసారి పోయేది. ఒకే బడిలో రైలు వైపు గదుల పిల్లలకూ, అవతలి వైపు గదుల పిల్లలకూ చదవడంలో తేడా ఎంతుందో ఆర్లీన్ బ్రాన్‌జాఫ్ట్ 1975లో లెక్క చూపించింది. ఆరో తరగతికి వచ్చేసరికి రైలు వైపు వాళ్ళు దాదాపు ఏడాది వెనకబడ్డారు. తర్వాత పట్టాల కింద రబ్బరు పెట్టి, గదుల పైకప్పుకు చప్పుడు పీల్చే పలకలు బిగించారు. 1981లో మళ్ళీ చూస్తే ఆ తేడా లేదు. రోత పుట్టించే వార్తల మధ్య ఇలాంటి ఫలితం చదివితే హాయిగా ఉంటుంది. కానీ అది చదువుకు సంబంధించిన లెక్క. చెవి సంగతి అందులో భాగమే గానీ అంతా కాదు.

ఇక గోల వైపు. వీళ్ళ మొదటి వాదన చాలా మామూలుది, అందుకే గట్టిది. మనిషి భాష వాడేది నిశ్శబ్దంలో కాదు. కౌంటర్ల దగ్గర, ఫోన్లలో, ఆటోల్లో. అద్దాల గదిలో ఈత నేర్పినట్టు భాష నేర్పితే ఎలా అంటారు. జేఎన్‌టీయూ పాఠ్యప్రణాళికలో ఇంగ్లిష్ ల్యాబ్ ఉంది. చెక్క అరలు, హెడ్‌ఫోన్లు, లోపల ఒకటే గొంతు, అదీ ఏ శ్వాస చప్పుడూ లేకుండా రికార్డు చేసిన గొంతు. అక్కడ నూటికి తొంభై తెచ్చుకున్న పిల్ల ఉద్యోగంలో చేరి టెక్సాస్ నుంచి వచ్చిన మొదటి ఫోను ఎత్తి బిక్కచచ్చిపోవడం మన ఊళ్ళలో కొత్త కాదు. పాత ఫోను లైను సుమారు 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకే మోసేది, స ధ్వని బలమంతా అంతకు పైన ఉంటుంది. ఎస్, ఎఫ్ ఒకటైపోతాయి. "ఎస్ ఫర్ షుగర్, ఎఫ్ ఫర్ ఫాదర్" అన్న పాట అలా పుట్టిందే.

అయితే ఇక్కడ వీళ్ళు రెండు విషయాల్ని ఒకటిగా చుట్టేస్తారని నాకు అనిపిస్తుంది. ఆ ల్యాబ్ లోపం నిశ్శబ్దం కాదు, ఒకటే గొంతు. జపాన్ వాళ్ళకు ఇంగ్లిష్ ర, ల ల తేడా నేర్పడానికి అమెరికాలో డేవిడ్ పిసోనీ బృందం 1991లో పలువురి గొంతులతో శిక్షణ ఇచ్చింది. కొత్త గొంతు విన్నా కొంతవరకు పట్టగలిగారు. 1993లో అదే పని ఒక్క గొంతుతో చేసి చూస్తే, నేర్చుకున్నది కొత్త గొంతుల దాకా సాగలేదు. రకరకాల గొంతులు వినడం వేరు, రొద వినడం వేరు. మొదటిది ధ్వనికి ఎన్ని రూపాలుంటాయో చూపిస్తుంది. రెండోది ఆ రూపాల మీద ముసుగు వేస్తుంది. గోల పక్షం వాళ్ళు "జీవితంలా నేర్పండి" అన్నప్పుడు వాళ్ళు కోరేదాంట్లో సగం మొదటిదే.

మిగతా సగం మాత్రం కొట్టెయ్యలేం. నిశ్శబ్దంలో తల్లిభాష వాళ్ళతో సమానంగా వినేవాళ్ళు కూడా రొద పెరిగేకొద్దీ వెనకబడతారు. 1997లో మేయో, ఫ్లోరెంటీన్, బూస్ మెక్సికన్ స్పానిష్ తల్లిభాషగా ఉన్నవాళ్ళ ఇంగ్లిష్‌ను పరీక్షించారు. ఆరేళ్ళలోపు ఇంగ్లిష్ చెవిన పడినవాళ్ళు, పద్నాలుగేళ్ళ తర్వాత నేర్చినవాళ్ళ కంటే ఎక్కువ రొదను తట్టుకున్నారు. అంతేకాదు, వాక్యంలో ముందొచ్చిన మాటల సాయంతో చివరి మాటను ఊహించడంలో కూడా ముందున్నారు. ఆలస్యంగా నేర్చినవాళ్ళు చెవిలో సగం పోయినదాన్ని బుర్రతో పూడ్చుకోలేకపోయారు.

నాకు ఈ వాదన మొత్తంలో మలుపు ఇక్కడే ఉంది. రొదలో మనం చేసే పని రెండు ముక్కలు: పట్టుకోవడం, పూడ్చుకోవడం. పరాయివాడు ఓడిపోయేది ఏ ముక్కలో? 2004లో ఆన్ కట్లర్ బృందం డచ్ వాళ్ళకూ అమెరికన్లకూ అర్థం లేని విడి అక్షరాల్ని జనం మాటల రొదలో వినిపించింది. అమెరికన్లే మెరుగు, కానీ రొద పెంచినప్పుడు ఇద్దరూ ఒకే మోతాదులో పడిపోయారు. పట్టుకోవడంలో రొద ఇద్దరినీ సమానంగానే కొడుతుంది, తేడా అంతా పూడ్చుకోవడంలోనే అని దీన్నిబట్టి తేలినట్టయింది. ఇక్కడితో ఆపేస్తే గోల పక్షానికి గెలుపు, ఎందుకంటే పూడ్చుకోవడం గోలలోనే అలవడుతుంది. కానీ స్పెయిన్ వాళ్ళతో వేరే తీరున జరిగిన పరీక్షలో పరాయివాళ్ళే ఎక్కువ పడిపోయారు. 2008లో ఆ రెండో తీరు పరీక్షనే డచ్ వాళ్ళకు పెడితే వాళ్ళూ అలాగే ఎక్కువ పడిపోయారు. అంటే మనుషుల్లో కాదు, పరీక్షలో ఉంది తేడా. రొద ఎప్పుడు మొదలవుతుందో, ఏది వినబోతున్నామో ముందే తెలిసిన పనిలో పరాయి చెవి తమాయించుకుంటుంది, తెలియని పనిలో తడబడుతుందని నేను అర్థం చేసుకున్నాను. పెళ్ళిపందిట్లో ఏ మేనత్త ఏ వైపునుంచి ఏమడుగుతుందో ఎవరికి తెలుసు?

పానీపూరీ కుర్రాడికి మాత్రం ముందే తెలుసు. అతని బండి దగ్గర అడగదగ్గ ప్రశ్నలు ఇరవైకి మించవు. సగం మాట వినపడితే చాలు, మిగతాది చేతులు, కళ్ళు, ప్లేటు చెబుతాయి. రొదలో పెదవులు కనపడితే ఎంత మేలో 1954లోనే సంబీ, పోలాక్ చూపించారు. గోల పెరిగేకొద్దీ కంటి సాయం విలువ పెరుగుతుంది. మన గల్ఫ్ వలస కూలీల హిందీ, అరబ్బీ కూడా ఇలా వచ్చినవే. జగిత్యాల నుంచి వెళ్ళినవాడు కాంక్రీటు మిక్సరు పక్కన నిలబడి ఆరు నెలల్లో పాకిస్తానీ ఫోర్‌మన్ మాట అందుకుంటాడు. నేర్చుకోకపోతే పని పోతుంది, ఒక్కోసారి వేలు పోతుంది. ఈ అవసరం ఏ హెడ్‌ఫోన్లోనూ దొరకదు.

అతనికి ఏం రాలేదో కూడా చెప్పుకోవాలి. మా కుర్రాడు ఎక్కువను "ఏక్కువ" అంటాడు, ఒకటిని "ఓకటి" అంటాడు. హిందీలో హ్రస్వమైన ఎ, ఒ లేవు. రెండేళ్ళుగా రోజూ వందలసార్లు విన్నా ఆ పొట్టి అచ్చులు అతని చెవికి విడిగా తగల్లేదు. తగలాల్సిన పని పడలేదు. "ఏక్కువ" అన్నా కారం ఎక్కువే పడుతుంది. రొదలో నేర్చినవాడు మాటల్ని మొత్తంగా, ముద్దగా నేర్చుకుంటాడు. ధ్వనుల్లోకి విడదీసుకోడు. బండి నడపడానికి అది పుష్కలంగా సరిపోతుంది. రేపు అతను తన కూతుర్ని తెలుగు బడిలో వేసి పలక మీద ఎ, ఏ దిద్దించాల్సి వస్తే సరిపోదు.

ఇంకో సంగతి. గోల అన్న ఒక్క మాటలో ఎన్ని రకాలున్నాయో తెలుగువాడికి చెప్పనక్కర్లేదు. హోరు, రొద, సద్దు, కలకలం, సందడి అని మనకు ఇన్ని మాటలుండటం ఊరికే కాదు. ఫ్యాను హోరు ఒకేలా ఉంటుంది, చెవి దాని సందుల్లోంచి దూరగలదు. పక్కవాళ్ళ మాటల కలకలం అలా కాదు, అది చెవినే కాక మనసునూ లాగుతుంది. అదీ మనకు తెలిసిన భాషలో అయితే మరీ. 2007లో వాన్ ఎంగెన్, బ్రాడ్లో ఇంగ్లిష్ శ్రోతలకు ఇంగ్లిష్ వాక్యాలు వినిపిస్తూ వెనక ఒకసారి ఇంగ్లిష్ మాటల కలకలం, ఒకసారి చైనీస్ మాటల కలకలం పెట్టారు. చైనీస్ కంటే ఇంగ్లిష్ కలకలమే ఎక్కువ చెడగొట్టింది. దీన్ని మన తరగతి గదికి అన్వయించుకుంటే కాస్త గుబులు పుడుతుంది. తెలంగాణ సర్కారు బడుల్లో 2022-23 నుంచి ఇంగ్లిష్ మీడియం మొదలైంది. ఆ పిల్లలు జీవితంలో మొదటిసారి ఇంగ్లిష్ ధ్వనులు వినేది ఎక్కడ? వెనక బెంచీలో, తోటి పిల్లల తెలుగు కబుర్ల మధ్య, ఒక్కోచోట అదే గదిలో ఇంకో తరగతి ఎక్కాలు వల్లిస్తుండగా.

పంతులమ్మ గొంతు పెంచుతుంది. రొదలో మనిషి తెలియకుండానే గొంతు పెంచుతాడని ఫ్రెంచ్ వైద్యుడు లొంబార్డ్ 1911లోనే రాశాడు. కొంతవరకు అది మేలే చేస్తుంది. అరుపు దాకా వెళ్తే చిక్కు. అరుపులో బలమంతా అచ్చులకే పోతుంది, హల్లులు ఉన్నచోటే ఉంటాయి. పిల్లలకు తెలియాల్సిన వెస్ట్, వెస్ట్ తేడా (తెలుగు లిపిలో రెండూ ఒకేలా రాస్తాం, ఒకటి పడమర, ఒకటి లోచొక్కా) హల్లులోనే ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో పాఠం జరిగే గదిలో వెనక చప్పుడు 35 డెసిబెల్స్ దాటకూడదంది. మన 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం బడి చుట్టూ వంద మీటర్ల నిశ్శబ్ద మండలంలో పగటి హద్దు 50. ఆ మండలంలో హారన్ కొట్టని డ్రైవర్ని నేనింకా చూడలేదు.

ఈ తగవులోంచి పక్కకు తప్పుకుని మూడో దారి పట్టినవాళ్ళూ ఉన్నారు. విమానాలవాళ్ళు. 1977 మార్చి 27న కానరీ దీవుల్లోని టెనెరిఫేలో రెండు విమానాలు రన్‌వే మీద ఢీకొని 583 మంది పోయారు. కారణాలు చాలా ఉన్నాయి. వాటిలో ఒకటి, ఒకే క్షణంలో ఇద్దరు రేడియోలో మాట్లాడటంతో కీచుమన్న శబ్దంలో కీలకమైన మాటలు మరుగున పడటం. డచ్ పైలట్లు, స్పానిష్ కంట్రోలర్, నడుమ ఇంగ్లిష్. ఆ తర్వాత "టేకాఫ్" అన్న మాటను నిజంగా ఎగరడానికి అనుమతిచ్చేటప్పుడు తప్ప వాడకూడదని కట్టుబాటు పెట్టుకున్నారు. అంతకుముందే, 1956 నుంచే, ఆల్ఫా, బ్రావో, చార్లీ అన్న అక్షరమాల వచ్చింది. తొమ్మిదిని "నైనర్" అనాలి, మూడును "ట్రీ" అనాలి. చెవిని రొదకు అలవాటు చేసే బదులు భాషనే రొదకు తట్టుకునేలా చెక్కారు. నాలుగొందల మాటల వ్యవహారానికి ఇది బ్రహ్మాండమైన ఉపాయం. మేనత్త పలకరింపుకు పనికిరాదు.

నన్ను తేల్చమంటే, ధ్వని మొదటి పరిచయం వరకూ నేను రెండో సంత వైపే. కారణం ఏ ఒక్క పరిశోధనా కాదు. పూడ్చుకోవడం ఎప్పుడైనా అలవడుతుంది, అవసరం దాన్ని మెడబట్టి నేర్పుతుంది. పట్టుకోవడం అలా కాదు, కుర్రాడి "ఏక్కువ" రెండేళ్ళ అవసరంతో కూడా మారలేదు. కానీ ఆ పరిచయం ఎంతసేపు? నా అంచనాలో చాలామంది అనుకునేదానికంటే తక్కువ. ట, త లు విడిగా వినపడటం మొదలైన వారంలోనే కిటికీ తెరవాలి. ముందు ఫ్యాను, తర్వాత వీధి, తర్వాత వంటింట్లో ఇద్దరి మాటలు. మా పిల్ల టీచరమ్మ ఆ కిటికీ ఆరేళ్ళుగా తెరవలేదు. తప్పు ఆమెది కూడా కాదు, హెడ్‌ఫోన్లు కొన్నది మేమే.

ఇల్లే సరిగ్గా లేని కుర్రాడికి నిశ్శబ్దం ఎక్కడినుంచి తెస్తాం అని అడగొచ్చు. దానికి నా దగ్గర మంచి జవాబు లేదు. రోజుకు పది నిమిషాలు, ఎదురుగా ఒక మనిషి, పెదవులు కనపడేంత దగ్గరగా: ఇంతకంటే చౌకైనది తోచలేదు. సంత చెప్పేవాళ్ళు చేసిందీ అదే.

పెళ్ళి అయ్యాక పిల్ల హైదరాబాద్‌లో మా ఇంట్లో పది రోజులుంది. ఒక సాయంత్రం పానీపూరీకి తీసుకెళ్ళాను. కుర్రాడు ఏదో అంటూ గ్లాసు అందించాడు. పిల్ల నా చెవి దగ్గరికి వంగి, "పెదనాన్నా, అతను నీల్లు అన్నాడు. నీళ్ళు కదా?" అంది. రెండేళ్ళుగా అతని దగ్గర తింటున్నాను, నేనెప్పుడూ గమనించలేదు. నా బుర్ర పూడ్చేసుకుంటూ వచ్చింది.

ఇంతలో సిగ్నల్ పడింది. బస్సులన్నీ ఒక్కసారి కదిలాయి. కుర్రాడు పిల్లను ఏదో అడిగాడు. అది తెల్లమొహం వేసింది. అతను మళ్ళీ అడగలేదు, చూపుడువేలు ఎత్తి, కనుబొమలు ఎగరేశాడు. పిల్ల ప్లేటు ముందుకు చాచింది.